నాడీకణానికి గుర్తింపు ఎలా వస్తుంది: కోడిపిండం స్లైడ్లతో మెట్టుమెట్టుగా చదివే పద్ధతి

హనుమకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకున్న విద్యార్థికి కోడిపిండం స్లైడ్ల పెట్టె పరిచయమే. 18, 24, 33, 48, 72 గంటల పిండాలు అందులో వరుసగా ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, రికార్డు మీద సంతకం పెట్టించుకోవడంతో ఆ పాఠం ముగుస్తుంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చేసింది అదే, పాఠం చెప్పడం మొదలుపెట్టాక కొన్నేళ్లు చేయించిందీ అదే. ఆ స్లైడ్లను అడగవలసిన పెద్ద ప్రశ్న మాత్రం పెట్టెలోనే ఉండిపోయేది. ఒకే ఫలదీకరణ కణం నుంచి పుట్టి, ఒకే జన్యుసంపదను మోస్తున్న కణాల్లో ఒకటి రెక్క కండరాన్ని కదిలించే చాలక నాడీకణం ఎందుకవుతుంది, దానికి పక్కనే ఉన్నది మరో రకం నాడీకణం ఎందుకవుతుంది, వీపు వైపున్నది స్పర్శ సమాచారాన్ని అందుకునే కణం ఎందుకవుతుంది?

ఈ మార్గదర్శి ఆ ప్రశ్న కోసమే. దారి తప్పకుండా ఉండటానికి ఒకే ఒక్క కణాన్ని ఎంచుకుని మొదటి నుంచి చివరి వరకు దాని వెంట నడుద్దాం: కోడిపిల్ల రెక్కలోని కండరానికి తీగ, అంటే ఆక్సాన్ అనే పొడవాటి తంతువు, పంపే చాలక నాడీకణం. కావలసినవి మీ కళాశాలలో ఉన్న స్లైడ్లు, 33, 48 గంటల పిండాల అడ్డుకోతల స్లైడ్లు, తక్కువ, మధ్యస్థ వృద్ధినిచ్చే కటకాలున్న మామూలు సూక్ష్మదర్శిని, గళ్ల నోట్‌బుక్కు, పెన్సిలు. ఇంటి దగ్గర పొదుగుతున్న కోడి కింది గుడ్లను పగలగొట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

మొదటి మెట్టు: నోట్‌బుక్కులో నాలుగు గడులు గీయండి

పేజీ పైభాగాన చోటు, కాలం, పొరుగు, జ్ఞాపకం అని నాలుగు శీర్షికలు రాయండి. కణం పిండంలో ఎక్కడ ఉంది, ఎప్పుడు పుట్టింది, దాన్ని ఆనుకుని ఉన్న కణాలు దానికి ఏం చెబుతున్నాయి, ఇంతకుముందు అందిన సంకేతాల గుర్తుగా దానిలో ఏ జన్యువులు తెరిచి ఉన్నాయి అన్నవే ఆ నాలుగు. ప్రతి స్లైడు దగ్గరా ఈ గడులు నింపాలి. ఏదైనా ఒక గడి ఖాళీగా మిగిలితే, ఆ దశలో మీకు అర్థం కానిది ఏదో అక్కడే ఉందని తెలుసుకోండి.

దీనితో పాటు రెండు స్థితుల మధ్య తేడాను ఇప్పుడే మనసులో నాటుకోవాలి, ఎందుకంటే తరగతిలో ఎక్కువ గందరగోళం ఇక్కడే చూశాను. ఒక కణాన్ని పిండం నుంచి తీసి ఏ సంకేతమూ లేని ద్రవంలో ఉంచినప్పుడు అది తాను వెళ్లవలసిన దారిలోనే వెళితే, దానికి దిశ దొరికిందని అంటాం. అదే కణాన్ని పిండంలో మరో చోట, అంటే వేరే సంకేతాలు ముసురుకున్న చోట నాటినా కూడా అది తన దారి మార్చుకోకపోతే, దాని గుర్తింపు ఖరారైందని అంటాం. దిశ దొరికిన కణం మనసు మార్చుకోగలదు, ఖరారైన కణం మార్చుకోదు. ఈ రెంటికీ మధ్య ఎంత సమయం గడుస్తుందన్నది కణానికి కణానికి మారుతుంది. అందుకే పిండశాస్త్రవేత్తలు వందేళ్లుగా చేస్తున్న ప్రయోగాల్లో ఎక్కువ భాగం కణాలను ఒక చోటి నుంచి తీసి మరో చోట నాటి చూడటమే.

రెండో మెట్టు: 18 గంటల స్లైడులో ముడిని వెతకండి

పిండం మధ్యలో నిలువుగా ఒక గాడి కనిపిస్తుంది, అదే ఆదిమ రేఖ. దాని ముందు చివర కొంచెం ఉబ్బెత్తుగా, కణాలు గుమిగూడి ఉన్న భాగమే హెన్సెన్ ముడి. చూడటానికి చిన్న చుక్కే గాని, నాడీ వ్యవస్థ కథ ఇక్కడ మొదలవుతుంది. ఉభయచరాల్లో దీనికి సమానమైన భాగాన్ని జర్మనీలో హాన్స్ స్పెమాన్, హిల్డే మాంగోల్డ్ న్యూట్ అనే ఉభయచరం పిండం నుంచి తీసి, వేరే రంగున్న మరో న్యూట్ పిండం పొట్ట వైపున నాటి, ఫలితాలను 1924లో ప్రచురించారు. నాటిన చోట రెండో నాడీ నాళిక (మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం), దాని చుట్టూ రెండో శరీరం ఏర్పడ్డాయి. రెండు రంగులు వేరు కావడం వల్ల ఒక సంగతి తేటతెల్లమైంది: ఆ రెండో నాడీ నాళికలో అత్యధిక భాగం నాటిన ముక్క నుంచి వచ్చింది కాదు, పొట్ట చర్మం కావలసిన ఆతిథేయ కణాలే నాడీ కణజాలంగా మారాయి. స్పెమాన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చింది. మాంగోల్డ్ మాత్రం ఆ పరిశోధన వెలువడిన ఏడాదే ప్రమాదంలో మరణించింది.

ఆ ముడి పంపే సంకేతం ఏమిటో తెలియడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. 1990లలో నాగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లు దొరికాయి. అవి కణాలకు నేరుగా ‘నాడీకణం అవ్వు’ అని చెప్పవు. చుట్టూ ఉన్న బీఎంపీ అనే సంకేతం బహిస్త్వచాన్ని, అంటే పిండం వెలుపలి పొరను, చర్మం వైపు నెడుతుంటే, ఇవి వెళ్లి ఆ బీఎంపీని పట్టుకుని పని చేయనివ్వవు. ఆ ఒత్తిడి తొలగినచోట బహిస్త్వచం నాడీ ఫలకంగా మారుతుంది. అయితే కోడిపిండంలో బీఎంపీని ఆపడం ఒక్కటే చాలదు, ఎఫ్‌జీఎఫ్ అనే మరో సంకేతం అంతకు ముందే అంది ఉండాలి. నోట్‌బుక్కులో జ్ఞాపకం గడి కింద ఈ మాట రాసుకోండి, ఎందుకంటే ఇప్పుడు వచ్చే సంకేతానికి అర్థం ఏమిటన్నది ముందు వచ్చినదానిపై ఆధారపడటం ఈ కథలో పదే పదే కనిపిస్తుంది.

మూడో మెట్టు: 24, 33 గంటల స్లైడ్లలో నాళిక మూసుకోవడం చూడండి

24 గంటల స్లైడులో నాడీ ఫలకం అంచులు రెండు గట్లలా లేస్తుంటాయి. 33 గంటలకు తల వైపు ఆ గట్లు కలిసి నాళికగా మూసుకుని, మెదడు మూడు బుడగలుగా ఉబ్బి ఉంటుంది, తోక వైపు ఇంకా తెరిచే ఉంటుంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర లేదు గాని, ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మనిషిలో ఈ నాళిక ఫలదీకరణ జరిగిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. చాలామంది తల్లులకు గర్భం వచ్చిన సంగతి అప్పటికి పూర్తిగా తెలియను కూడా తెలియదు. పిల్లల కోసం ఎదురుచూసే స్త్రీలు గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని చెప్పేది అందుకే. ఈ స్లైడు చూసిన ప్రతి అమ్మాయీ, ప్రతి అబ్బాయీ ఆ మాటను తమ ఇంటికి తీసుకుపోవాలని నా కోరిక.

నాలుగో మెట్టు: 48 గంటల అడ్డుకోతలో పైనుంచి కిందికి చదవండి

ఈ మార్గదర్శిలో మీరు ఎక్కువ సమయం గడపవలసింది ఇక్కడే. అడ్డుకోతలో నాడీ నాళిక నిలువుగా సాగిన గింజలా, నడుమ సన్నని చీలికతో కనిపిస్తుంది. దాని కింద గుండ్రంగా ఉన్న చిన్న భాగం పృష్ఠవంశం, అంటే నోటోకార్డు. రెండు పక్కలా సోమైట్లు (తరువాత వెన్నెముక, కండరాలు అయ్యే కణాల దిమ్మెలు), పైన చర్మమయ్యే బహిస్త్వచం ఉంటాయి. నాళిక గోడలోని కణాలన్నీ రంగు వేసిన స్లైడులో ఒకేలా కనిపిస్తాయి. అయినా ఈ వయసుకే అవి లోలోపల వేరు వేరు దారులు పట్టడం మొదలుపెట్టాయి.

పృష్ఠవంశం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. తరువాత నాళిక అడుగు పట్టీ కూడా అదే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ దాని మోతాదు తగ్గుతుంది. నాళిక పైకప్పు నుంచి బీఎంపీ, వింట్ సంకేతాలు ఎదురుగా కిందికి దిగుతాయి. కణం ఎంత మోతాదు అందుకుందో దాన్నిబట్టి తానెక్కడ ఉన్నదీ గుర్తిస్తుంది. ఇలాంటి స్థాన సమాచారం అనే భావనను లూయిస్ వోల్పర్ట్ 1969లో మూడు రంగుల జెండా ఉదాహరణతో స్పష్టంగా చెప్పాడు.

వరంగల్‌లో ఉన్నవారికి ఈ సూత్రం ముక్కుతోనే అర్థమవుతుంది. ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు ఎర్ర మిరప బస్తాలు దిగే రోజుల్లో గుట్టల పక్కన నిలబడితే ఊపిరి ఆడదు, గేటు దాటి కొంత దూరం వస్తే తుమ్ములు వస్తాయి, ఇంకా దూరం పోతే ఘాటు జాడ మాత్రమే మిగులుతుంది. కళ్లు మూసుకున్నా ఎంత దూరంలో ఉన్నామో చెప్పగలం. ఘాటు తక్కువ ఉన్నచోటైనా చాలాసేపు నిలబడితే కళ్లు మండటం మొదలవుతుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్ విషయంలోనూ కణం మోతాదును మాత్రమే కాక, అది ఎంతసేపు అందిందన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

పోలిక అక్కడితో ఆగుతుంది. మిరప ఘాటు మెల్లమెల్లగా తగ్గుతుంది, దాన్ని బట్టి మన బాధ కూడా మెల్లగానే తగ్గుతుంది. నాళికలో మాత్రం సంకేతం మెల్లగా తగ్గినా కణాల గుర్తింపులు గీత గీసినట్టు మారతాయి. మోతాదులో రెండు మూడు రెట్ల తేడా చాలు, కణం ఒక రకం నుంచి మరో రకానికి మారడానికి. అంత పదునైన గీత ఎక్కడి నుంచి వస్తుంది? కణం లోపల జన్యువులను తెరిచి మూసే ప్రోటీన్లు, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, జంటలు జంటలుగా ఒకదాన్నొకటి అణచివేస్తాయి. ఎన్‌కేఎక్స్2.2 ఉన్న కణంలో పాక్స్6 నిలవదు, పాక్స్6 గెలిచిన కణంలో ఎన్‌కేఎక్స్2.2 నిలవదు. సరిహద్దులో ఉన్న కణం కొద్దిసేపు తడబడవచ్చు గాని, రెంటి నడుమ ఎప్పటికీ ఉండిపోలేదు. పైగా ఒకసారి ఒక పక్షం గెలిచాక, సంకేతం కొంత బలహీనపడినా ఆ గెలుపు నిలబడుతుంది. జ్ఞాపకం అనే గడికి అర్థం ఇదే.

ఈ పోటీల ఫలితంగా నాళిక కింది సగంలో, అడుగు పట్టీకి పైన, ఐదు పూర్వకణాల (ఇంకా విభజన చెందుతూ నాడీకణాలను ఇచ్చే కణాల) పట్టీలు ఏర్పడతాయి. ఈ ఐదింటిలో కింది నుంచి రెండో పట్టీలో ఓలిగ్2 అనే ప్రోటీన్ ఉంటుంది, మన చాలక నాడీకణం పుట్టేది ఆ పట్టీలోనే. పైసగంలో బీఎంపీ, వింట్ సంకేతాల ప్రభావంతో ఏర్పడే మరో ఆరు పట్టీల నుంచి స్పర్శ, నొప్పి వంటి సమాచారాన్ని అందుకుని ముందుకు పంపే కణాలు వస్తాయి.

ఇప్పుడు పెన్సిలు తీసుకుని ఒక పని చేయండి. మీరు గీసిన అడ్డుకోత బొమ్మలో నాళిక పక్కన రెండో పృష్ఠవంశాన్ని గీసి, ఏం జరుగుతుందో ఊహించి రాయండి. నిజమైన కోడిపిండంలో ఈ పని చేసిన పరిశోధకులకు దొరికిన జవాబు ఇది: అదనపు పృష్ఠవంశాన్ని ఆనించిన పక్కన మరో అడుగు పట్టీ, దాని దగ్గర మరిన్ని చాలక నాడీకణాలు ఏర్పడ్డాయి. ముందే పృష్ఠవంశాన్ని తీసేసిన పిండంలో ఆ మేర చాలక నాడీకణాలే రాలేదు. మీ ఊహ దీనితో సరిపోతేనే ఈ మెట్టు దాటండి, సరిపోకపోతే బొమ్మ దగ్గరికి తిరిగి వెళ్లండి.

ఐదో మెట్టు: తల నుంచి తోక వరకు హాక్స్ జన్యువులతో కొలవండి

చాలక నాడీకణం అన్న గుర్తింపు ఒక్కటే మనకు సరిపోదు, రెక్కకు పోయేది కావాలి. రెక్క ఎదురుగా ఉన్న కణం, ఛాతీ ఎదురుగా ఉన్న కణం, కాలి ఎదురుగా ఉన్న కణం నాళికలో ఒకే ఎత్తున పుట్టినా, అవి పోయే కండరాలు వేరు. ఈ తేడాను నిర్ణయించేవి హాక్స్ జన్యువులు. మనిషిలో ఇవి 39, నాలుగు గుంపులుగా ఉంటాయి. క్రోమోజోము మీద ఇవి ఉండే వరుస, శరీరంలో తల నుంచి తోక వరకు ఇవి పనిచేసే వరుస ఒకటే కావడం జీవశాస్త్రంలో నన్ను ఇప్పటికీ నిలబెట్టే విషయం. సోమైట్ల నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం, తోక చివర నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్ వీటిని ఎక్కడ తెరవాలో నిర్దేశిస్తాయి.

రెక్క మట్టంలో హాక్స్‌సీ6, ఛాతీ మట్టంలో హాక్స్‌సీ9, కాలి మట్టంలో హాక్స్‌డీ10 ముఖ్యమైనవి. ఇక్కడ కూడా సీ6, సీ9 ఒకదాన్నొకటి అణచివేసుకునే జంటే. రెక్క మట్టంలోని కణాల్లో హాక్స్‌సీ9ను బలవంతంగా తెరిస్తే అవి ఛాతీ మట్టం కణాల గుర్తింపును తీసుకున్నాయి. 72 గంటల స్లైడులో రెక్క మొగ్గ, కాలి మొగ్గ కనిపిస్తాయి. ఆ మొగ్గల ఎదురుగా ఉన్న నాళిక భాగాల మీద ఈ మూడు పేర్లు రాయండి.

ఆరో మెట్టు: ఎవరు ముందు బయలుదేరుతారో తేల్చండి

ఓలిగ్2 పట్టీలోని పూర్వకణాలన్నీ ఒకేసారి నాడీకణాలుగా మారిపోతే తరువాతి అవసరాలకు ఎవరూ మిగలరు. అందుకే పక్కపక్క కణాల మధ్య ఒక ఒప్పందం నడుస్తుంది. ఒక కణం కొంచెం ముందుగా డెల్టా అనే ప్రోటీన్‌ను తన ఉపరితలం మీద ఎక్కువగా చూపితే, దాన్ని ఆనుకున్న కణాల్లోని నాచ్ అనే గ్రాహకం మేల్కొని, అవి నాడీకణంగా మారకుండా ఆపుతుంది. ఆగిన కణం తన డెల్టాను తగ్గించుకుంటుంది, దానితో మొదటి కణానికి అడ్డు తొలగి తేడా ఇంకా పెరుగుతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద ముందుగా దస్తీ వేసినవారిని చూసి పక్కవారు వెనక్కి తగ్గడం లాంటిదే ఇది. పొరుగు గడిలో నాచ్, డెల్టా అని రాయండి. ఇలా బయలుదేరిన కణం విభజన ఆపి, నాళిక గోడ బయటి అంచుకు జరిగి, హెచ్‌బీ9, ఐస్‌లెట్1 అనే ప్రోటీన్లను తయారుచేస్తుంది. పరిశోధనశాలలో చాలక నాడీకణాన్ని గుర్తుపట్టేది వీటితోనే.

ఏడో మెట్టు: పుట్టిన వేళను చూడండి

అదే ఓలిగ్2 పట్టీ కొన్నాళ్ల తరువాత చాలక నాడీకణాలను ఆపేసి, నాడీతంతువులకు తొడుగు వేసే ఒలిగోడెండ్రోసైట్లను ఇవ్వడం మొదలుపెడుతుంది. చోటు మారలేదు, కాలం మారింది. అందుకే కాలానికి వేరే గడి ఇచ్చాం.

ఈ సంగతి మెదడు వెలుపలి పొర అయిన వల్కలంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కోడిపిల్లకు మనలా ఆరు పొరల వల్కలం ఉండదు కాబట్టి ఇక్కడ కాసేపు ఎలుకల దగ్గరికి వెళ్లాలి. 1961లో ఆంజెవిన్, సిడ్మాన్ రేడియోధార్మిక థైమిడిన్‌తో (డీఎన్‌ఏ తయారీలో చేరే పదార్థం) కణాలకు పుట్టినరోజు గుర్తు వేసి చూపించారు: ముందు పుట్టినవి లోపలి పొరల్లోనూ, తరువాత పుట్టినవి పైపొరల్లోనూ స్థిరపడతాయి. బతుకమ్మ పేర్చేటప్పుడు కింది వరుస ముందు, పై వరుస తరువాత వచ్చినట్టే ఇది కూడా వరుసలుగా పెరుగుతుంది. తేడా ఏమిటంటే బతుకమ్మకు పూలు పైనుంచి చేతులు పేరుస్తాయి. వల్కలంలో కొత్త కణాలు అడుగున పుట్టి, అప్పటికే పేర్చి ఉన్న వరుసల నడుమ నుంచి ఎక్కి, వాటికి పైన కూర్చుంటాయి. రీలిన్ అనే ప్రోటీన్ లోపించిన ఎలుకల్లో ఈ ఎక్కడం చెడిపోయి పొరల వరుస దాదాపు తలకిందులవుతుంది. అయినా కణాలు తమ పుట్టిన వేళకు తగిన రకంగానే తయారవుతాయి. గుర్తింపు ఇచ్చింది చేరిన చోటు కాదని దీనివల్ల తెలుస్తుంది.

మరి ఆ గుర్తింపు ఖరారయ్యేది ఎప్పుడు? సుసాన్ మెకానెల్ ఫెరెట్ అనే జంతువుల్లో చేసిన ప్రయోగాలు దీనికి చక్కని జవాబిచ్చాయి. లోపలి పొరకు పోవలసిన పూర్వకణాన్ని డీఎన్‌ఏ ప్రతి తీసుకుంటున్న దశలోనే తీసి, వయసులో పెద్దదైన మెదడులో నాటితే అది కొత్త ఇంటి పద్ధతి ప్రకారం పైపొరకు పోయింది. అదే ఆ దశ దాటాక తీసి నాటితే, ఎక్కడ నాటినా లోపలి పొరకే పోయింది. మొదటి మెట్టులో చెప్పుకున్న తేడా ఒక్క విభజన చక్రంలోనే ఇలా తేలిపోయింది.

ఎనిమిదో మెట్టు: మారే కణాలను పక్కన పెట్టి పోల్చండి

48 గంటల అడ్డుకోతలో నాళిక పైకప్పుకు, చర్మానికి మధ్య నుంచి బయలుదేరి పోయే కణాలు నాడీ శిఖర కణాలు. వీటిని గుర్తుపట్టి వెంబడించడానికి నికోల్ లె దువారన్ 1969లో ఒక ఉపాయం కనిపెట్టింది. కౌజుపిట్ట కణాల కేంద్రకం రంగు వేసినప్పుడు కోడి కణాలకు భిన్నంగా ముద్దగా కనిపిస్తుంది కాబట్టి, కోడిపిండంలో నాటిన కౌజుపిట్ట కణాలు ఎక్కడికి చేరినా కనిపెట్టవచ్చు. మెడ దగ్గరి శిఖర కణాలు మామూలుగా పేగు నాడీకణాలవుతాయి. వాటిని అడ్రినల్ గ్రంథికి కణాలనిచ్చే మట్టంలో నాటితే అక్కడికి తగిన కణాలయ్యాయి. అంటే వీటి గుర్తింపు ప్రయాణంలోనూ, చేరిన చోటా కూడా నిర్ణయమవుతుంది. చెమట గ్రంథులకు చేరే నాడీకణాలైతే పుట్టుక తరువాత కూడా, గ్రంథి ఇచ్చే సంకేతంతో, నారడ్రినలిన్ అనే నాడీ రసాయనాన్ని వదిలి ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనానికి మారతాయి. మన చాలక నాడీకణంతో వీటిని పోల్చి, జ్ఞాపకం గడిలో తేడా రాయండి.

తొమ్మిదో మెట్టు: బతికి ఉండటాన్ని కూడా లెక్కించండి

గుర్తింపు వచ్చిన ప్రతి కణమూ మిగలదు. వెన్నుపాములో పుట్టిన చాలక నాడీకణాల్లో సుమారు సగం, కండరాన్ని చేరే కాలంలోనే చనిపోతాయి. కండరం వంటి లక్ష్య కణజాలం ఇచ్చే పోషక ప్రోటీన్లు పరిమితం. ఈ సత్యానికి దారి తీసిన పని రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీలోని టూరిన్ నగరంలో ఒక పడకగదిలో జరిగింది. యూదులపై తెచ్చిన జాతి చట్టాల వల్ల విశ్వవిద్యాలయం నుంచి వెలివేయబడిన రీటా లెవీ మోంటాల్చీని, ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని, కోడిగుడ్లలోని పిండాల అవయవ మొగ్గలను తొలగించి, నాడీకణాలు ముందు పుట్టి తరువాత చనిపోవడాన్ని గమనించింది. నాడీ వృద్ధి కారకం కనుగొన్నందుకు ఆమెకు స్టాన్లీ కోహెన్‌తో కలిపి 1986లో నోబెల్ బహుమతి లభించింది. పరికరాలు తక్కువగా ఉన్న కళాశాలలో చదువుతున్నామని బెంగపడే విద్యార్థులకు నేను ఈ గదిని గురించి తప్పకుండా చెబుతాను.

పదో మెట్టు: మీ అవగాహనను మీరే పరీక్షించుకోండి

మొదటి పరీక్ష ఊహించడం. సుమారు రెండున్నర రోజుల కోడిపిండంలో కాలి కండరాలకు నాడులనిచ్చే కొన్ని నాళిక ఖండాలను కోసి, ముందు వెనుకలు తారుమారు చేసి అతికిస్తే, ఆ కణాల తీగలు ఏ కండరానికి పోతాయి? నోట్‌బుక్కులో జవాబు, దానికి కారణం రాశాకే ముందుకు చదవండి. 1980లో లాన్స్ జోన్స్, లాండ్‌మెస్సర్ ఈ ప్రయోగం చేశారు. తీగలు కొత్త చోటి నుంచి వంకర దారుల్లో వెళ్లి, తమ పాత కండరాలనే చేరాయి. తీగ ఇంకా బయలుదేరకముందే గుర్తింపు ఖరారైందన్నమాట.

రెండో పరీక్ష తయారీ క్రమం రాయడం. ఏ గుర్తింపూ లేని మూలకణం మీ చేతిలో ఉందనుకుని, దాన్ని చాలక నాడీకణంగా మార్చడానికి ఏ సంకేతాన్ని ఏ వరుసలో ఇస్తారో రాయండి. ముందు నాడీ దిశ, తరువాత తల వైపు కాక వెన్నుపాము వైపు తిప్పడానికి రెటినాయిక్ ఆమ్లం, ఆపై సోనిక్ హెడ్జ్‌హాగ్ దారిని తెరిచే మందు వచ్చి ఉంటే మీరు సరిగా చదివారు. 2002లో హైనెక్ విచ్టర్లే, థామస్ జెస్సెల్ బృందం చిట్టెలుక మూలకణాలపై ఇదే వరుసను పాటించి హెచ్‌బీ9 ఉన్న చాలక నాడీకణాలను తయారుచేసింది. వాటిని కోడిపిండం వెన్నుపాములో నాటితే కండరాల వరకు తీగలు పంపాయి.

ఇక మిగిలింది మీ సొంత పని. నాళిక పైకప్పు పక్కన పుట్టి, శరీర సమాచారాన్ని మెదడు వైపు పంపే కణానికి ఇలాంటి క్రమాన్నే ఎవరి సాయమూ లేకుండా రాయండి. సోనిక్ హెడ్జ్‌హాగ్ స్థానంలో ఏది రావాలో, ఎందుకు రావాలో నాలుగో మెట్టులో ఉంది. రాసిన పేజీని రికార్డులో 48 గంటల అడ్డుకోత బొమ్మకు ఎదురుగా అతికించి, సంతకం కోసం మీ అధ్యాపకుడి ముందు పెట్టేటప్పుడు ఆ బొమ్మలోని ఏదో ఒక కణం మీద పెన్సిలు మొన ఆనించి, నాలుగు గడులనూ నోటితో చెప్పండి.